బైక్‌ప్యాకింగ్: నేను తరచుగా వినే అపోహలు, దారి నేర్పిన వాస్తవాలు

బైక్ అనగానే చాలామందికి మోటార్ సైకిల్ గుర్తొస్తుంది. నేను రాస్తున్నది కాళ్లతో తొక్కే సైకిల్ గురించి. పడుకోవడానికి, తినడానికి, రిపేరు చేసుకోవడానికి కావలసినవి చిన్న చిన్న సంచుల్లో సర్ది, వాటిని సైకిల్‌కే బిగించి, తారు రోడ్డు వదిలి మట్టి దారుల్లో, అడవి బాటల్లో రోజుల తరబడి తిరగడాన్ని బైక్‌ప్యాకింగ్ అంటారు.

నేను చాలా ఏళ్లుగా ఇలా తిరుగుతున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సైకిల్ సిద్ధం చేసి ఇస్తాను, మొదటి రాత్రి వాళ్లతో పాటు వెళ్తాను. దాదాపు అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఏ సైకిల్ కొనాలి?" ఇంట్లో ఉన్న సైకిల్ మీద ఒక రాత్రి బయట గడిపి రండి, తర్వాత మాట్లాడుకుందాం అంటాను. కొందరి ముఖం చిన్నబోతుంది. కానీ వెళ్లొచ్చాక వాళ్ల ప్రశ్నలే మారిపోతాయి. "హ్యాండిల్ ఇంకొంచెం ఎత్తులో ఉంటే బాగుండేది, ఎలా పెంచాలి?" "వెనక సంచి ఊగుతోంది, ఏం చేయాలి?" ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం తేలిక, ఎందుకంటే అవి ఆ మనిషి శరీరం నుంచి, ఆ దారి నుంచి వచ్చాయి.

అపోహ: ప్రత్యేకమైన సైకిల్ లేకుండా మొదలుపెట్టలేం

1884 ఏప్రిల్‌లో థామస్ స్టీవెన్స్ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరాడు. అతని సైకిల్ ముందు చక్రం 50 అంగుళాలు, వెనకది బుల్లి చక్రం. సామాను అంటే మేజోళ్లు, మార్చుకోవడానికి ఒక చొక్కా, రాత్రి గుడారంగా కూడా పనికొచ్చే వానకోటు, ఒక పడక చుట్ట. 1886 డిసెంబరులో యోకొహామా చేరేసరికి అతను సైకిల్ మీద ప్రపంచం చుట్టిన మొదటి మనిషి అయ్యాడు. 1897లో అమెరికా సైన్యంలోని 25వ పదాతిదళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు మోంటానాలోని ఫోర్ట్ మిసూలా నుంచి సెయింట్ లూయిస్ దాకా సుమారు 3,000 కిలోమీటర్లు 41 రోజుల్లో తొక్కారు. గేర్లు లేని సైకిళ్లు. దుప్పటి చుట్ట హ్యాండిల్‌కు, మిగతా సామాను ఫ్రేము మధ్య ఖాళీలో ఇమిడే పెట్టెలో. ఈ రోజు మనం కొత్త అనుకునే అమరిక అప్పుడే ఉంది.

గేర్లు లేకుండా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. మొదటి ప్రయాణానికి నాలుగు విషయాలు చూస్తే చాలు. చక్రాలు వంకర లేకుండా తిరుగుతున్నాయా, పుల్లలన్నీ బిగువుగా ఉన్నాయా? సామాను వేశాక కూడా బ్రేకులు గట్టిగా పడుతున్నాయా? టైరుకూ ఫ్రేముకూ మధ్య బురద ఇరుక్కోనంత సందు ఉందా? ఎక్కుడులో కూర్చునే తొక్కగలిగేంత తేలిక గేరు ఉందా? ఈ నాలుగూ ఉన్న పాత మౌంటెన్ సైకిల్, ఏదో లోపించిన కొత్త ఖరీదైన సైకిల్ కంటే మేలు.

మధ్యాహ్నం బయలుదేరి, రాత్రి బయట పడుకుని, మరుసటి ఉదయం ఇంటికి వచ్చేయడం. గ్రాంట్ పీటర్సన్ అనే సైకిల్ రూపకర్త దీనికి ఎస్24ఓ అని పేరు పెట్టాడు, అంటే 24 గంటల లోపు ముగిసే ఒక రాత్రి ప్రయాణం. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. ఏది మర్చిపోయినా కొన్ని గంటల్లో ఇంటికి చేరిపోతారు కాబట్టి టెన్షన్ ఉండదు.

అపోహ: ముందే అన్నీ చదివి, జాబితా రాసుకుని, మొత్తం ఒకేసారి కొనేస్తే తప్పులు జరగవు

ఆనీ లండన్‌డెరీ 1894లో బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకు బయలుదేరినప్పుడు ఆమె సైకిల్ బరువు 42 పౌండ్లు, అంటే దాదాపు 19 కిలోలు. ఒంటి మీద పొడవాటి స్కర్టు. షికాగో చేరేసరికి ఆమెకు విషయం అర్థమైంది. అక్కడ 21 పౌండ్ల సైకిల్‌కు మారింది, స్కర్టు వదిలేసి వదులు పైజామా లాంటి దుస్తుల్లోకి మారింది, తర్వాతే మళ్లీ బయలుదేరింది. బోస్టన్‌లో కూర్చుని ఎంత ఆలోచించినా ఆ నిర్ణయం అంత గట్టిగా తీసుకోగలిగేది కాదని నా నమ్మకం.

ఇంటికి వచ్చిన రోజే, సంచులు ఉతకక ముందే, సామానంతా నేల మీద పరచండి. వాడినవి ఒక కుప్ప, వాడనివి ఇంకో కుప్ప. మూడోది కాగితం మీద రాసుకునేది: దారిలో ఏది ఉంటే బాగుండేదని అనిపించింది? వాడనివాటిలో మందుల డబ్బా, వానకోటు, రిపేరు సామాను, గాలి పంపు మాత్రం తీసేయకండి. అవి వాడాల్సిన అవసరం రాకపోవడమే మంచిది. మిగతావి రెండు ప్రయాణాల్లో వరుసగా వాడలేదంటే మూడోసారి ఇంట్లో వదిలేయండి. నేను ఈ పద్ధతి మొదలుపెట్టిన నాలుగో ప్రయాణానికి ఒక సంచి పూర్తిగా ఖాళీ అయింది.

కొనే విషయంలో నాకు బాగా గుర్తున్న పాఠం నిద్రది. మొదట్లో ఒక చలి రాత్రి వణుకుతూ తెల్లవార్లూ మేలుకుని ఉన్నాను. స్లీపింగ్ బ్యాగ్ పలచగా ఉందనుకుని ఇంకా మందమైనది కొన్నాను. మళ్లీ అదే చలి. అసలు తప్పు కింద వేసుకున్న పరుపుది. మనం పడుకున్నప్పుడు స్లీపింగ్ బ్యాగ్ కింది భాగం మన బరువుకు నలిగి చదునైపోతుంది. అందులో గాలి నిలవకపోతే వెచ్చదనం నిలవదు. నేల వేడిని లాగేసుకుంటూనే ఉంటుంది. దాన్ని ఆపేది కింది పరుపే. పరుపు వేడిని ఎంత ఆపుతుందో ఆర్-వాల్యూ అనే అంకె చెబుతుంది, ఎక్కువైన కొద్దీ వెచ్చన. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు ఉష్ణోగ్రతలు ఉంటే "కంఫర్ట్" అన్నదాన్నే చూడండి. "లిమిట్" అన్నది ముడుచుకుని ఎలాగో రాత్రి గడపగలిగే అంకె. పెద్ద అక్షరాల్లో లిమిట్ అంకెనే అచ్చు వేసిన బ్యాగులు చాలా చూశాను.

అపోహ: వీపు సంచి ఉండగా ఈ సంచులన్నీ ఎందుకు?

ఒక పూటకు పర్వాలేదు. రెండో రోజుకు ఆ బరువంతా భుజాల మీద, మెడ మీద, సీటు మీద ఒత్తిడిగా తేలుతుంది. వీపు మీద ఏదైనా మోయాల్సి వస్తే నీళ్ల సంచి ఒక్కటే నేను ఒప్పుకుంటాను, అదీ ఎగుడుదిగుడు దారుల్లో.

అపోహ: ఎంత తేలికగా ఉంటే అంత మంచిది, ప్రతి గ్రామూ లెక్కే

లెక్క వేసి చూద్దాం. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకోండి. అందులో 5 కిలోలు తగ్గించారు. నిటారు ఎక్కుడులో మన శక్తి దాదాపు అంతా బరువును పైకి లేపడానికే పోతుంది కాబట్టి సమయం సుమారు 5 శాతం తగ్గుతుంది. రెండు గంటల ఎక్కుడు ఆరు నిమిషాలు ముందు పూర్తవుతుంది. చదునైన దారిలో ఆ తేడా ఇంకా చిన్నది. సైకిల్ దిగి తోయాల్సి వచ్చినప్పుడు, కంచె దాటించడానికి ఎత్తాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ 5 కిలోలు బాగా తెలుస్తాయి. అందుకే మీ దారిలో తోసే చోట్లు ఎన్ని ఉన్నాయో ముందు చూసుకోండి. గ్రాముల కోసం ఖర్చు పెట్టాలా వద్దా అన్నది దాన్నిబట్టి తేలుతుంది.

నేను బరువు కంటే బరువు ఉన్న చోటును ఎక్కువ పట్టించుకుంటాను. సీటు వెనక పొడవుగా వేలాడే సంచిలో పనిముట్లు, తిండి, నీళ్లు కుక్కితే అది కుక్క తోకలా ఊగుతుంది. పెడల్ మీద నిలబడిన ప్రతిసారీ సైకిల్ ఒకవైపు, సంచి ఇంకోవైపు. ఆ ఊపు చిన్నదే అనిపిస్తుంది కానీ వదులు కంకర మీద దిగుడులో చక్రం జారేది అలాంటప్పుడే. నా అమరిక చెబుతాను. బరువైనవన్నీ, అంటే పనిముట్లు, తిండి, వంట పొయ్యి, అదనపు నీళ్లు ఫ్రేము మధ్య సంచిలో, వీలైనంత కిందికి. సీటు సంచిలో బట్టలు, స్లీపింగ్ బ్యాగ్, గట్టిగా కుక్కి, గాలంతా తీసి. హ్యాండిల్ చుట్టలో గుడారం, పరుపు. గుడారం కమ్మీలు పొడవైతే ఫ్రేము గొట్టం పక్కన కట్టేస్తాను. చేతికి తొందరగా అందాల్సినవి, చిరుతిండి, ఫోను, పై గొట్టం మీది చిన్న సంచిలో.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు రెండువైపులా బోల్టు రంధ్రాలు ఉంటే అక్కడ కూడా సంచులు కట్టవచ్చు. సాధారణంగా ఒక్కోవైపు 3 కిలోలు దాటకూడదని తయారీదారులు చెబుతారు. మీ ఫోర్కుకు ఎంతో చూసుకోండి. రెండువైపులా బరువు సమానంగా ఉండాలి, లేకపోతే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది.

పొట్టిగా ఉండేవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దాని గురించి ఎవరూ ముందే చెప్పరు. చిన్న ఫ్రేములో మధ్య ఖాళీ చిన్నది, సీటుకూ వెనక టైరుకూ మధ్య దూరమూ తక్కువే. పెద్ద సీటు సంచి కొంటే గతుకుల్లో టైరుకు రాసుకుని చిరుగుతుంది. నేను అమరిక చేసి ఇచ్చిన చాలామంది మహిళలకు సీటు సంచి తీసేసి చిన్న క్యారియర్, రెండు చిన్న పక్క సంచులు పెట్టాల్సి వచ్చింది. వాళ్లెవరూ తిరిగి సీటు సంచికి వెళ్లలేదు. సంచి కొనే ముందు మీరు సీటు మీద కూర్చున్నప్పుడు టైరుకూ సీటుకూ మధ్య ఎంత దూరం మిగులుతోందో ఎవరితోనైనా కొలిపించండి. వెనక సస్పెన్షన్ ఉంటే అది పూర్తిగా నొక్కుకున్నప్పటి కొలత తీసుకోవాలి.

అన్నీ కట్టాక ఇంటి దగ్గరే అరగంట తొక్కండి. నిలబడి తొక్కండి, మెట్టు లాంటి చోట దించండి, గట్టిగా బ్రేకు వేయండి, హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూడండి. హ్యాండిల్ చుట్ట బ్రేకు, గేరు కేబుళ్లను నలిపేస్తే గేర్లు వాటంతట అవే మారుతుంటాయి. పట్టీలు మొదటి పది కిలోమీటర్లలో కచ్చితంగా వదులవుతాయి, ఆగి మళ్లీ బిగించాలి. పట్టీ తగిలే ప్రతి చోటా ఫ్రేముకు ముందే టేపు అంటించండి. దుమ్ము చేరిన పట్టీ గరుకు కాగితంలా పని చేస్తుంది. రంగు పోవడంతో ఆగదు, కార్బన్ ఫ్రేమునైతే అరగదీసేస్తుంది.

అపోహ: కాళ్లలో బలం ఉంటే ఏ గేరైనా చాలు

నేను ఎక్కువ గొడవపడేది ఈ అపోహతోనే. మీ ముందు పళ్ల చక్రానికి ఎన్ని పళ్లు ఉన్నాయో లెక్కపెట్టి, వెనక ఉన్న అతి పెద్ద చక్రం పళ్లతో భాగించండి. ముందు రెండు మూడు చక్రాలుంటే అన్నిటికంటే చిన్నదాన్ని తీసుకోండి. రోడ్డు సైకిల్ మీద 34, 28 ఉంటే 1.2 వస్తుంది. కంకర, మట్టి దారుల కోసం చేసిన గ్రావెల్ సైకిల్ మీద 40, 42 ఉంటే 0.95. మౌంటెన్ సైకిల్ మీద 32, 51 ఉంటే 0.63.

ఈ అంకెలు కొండ మీద ఇలా తెలుస్తాయి. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పడం అనేది ఎక్కుడులో మోకాళ్లు ఓర్చుకునే నెమ్మది వేగం అనుకుందాం. అలా తిప్పినప్పుడు మొదటి సైకిల్ గంటకు 9 కిలోమీటర్ల వేగంతో, రెండోది 7.5తో, మూడోది 5 కంటే కాస్త ఎక్కువ వేగంతో వెళ్తుంది. మొత్తం 100 కిలోల బరువుతో 8 శాతం ఎక్కుడు ఎక్కడానికి, కేవలం బరువును లేపడానికే, మొదటిదానికి సుమారు 200 వాట్లు, రెండోదానికి 165, మూడోదానికి 115 వాట్లు కావాలి. మట్టి దారి లాగే లాగుడు దీనికి అదనం. 200 వాట్లు పది నిమిషాలు తొక్కగలిగేవాళ్లు చాలామంది ఉంటారు. వరుసగా ఐదు రోజులు, రోజుకు మూడు గంటలు అంటే ఎంతమంది?

గేరు బరువైతే మనం చేసేది పెడల్‌ను నెమ్మదిగా, గట్టిగా తొక్కడం. ఆ ఒత్తిడి మోకాలి చిప్ప మీద పడుతుంది. మొదటి రోజు తెలియదు. మూడో రోజు ఉదయం తెలుస్తుంది. సామానుతో మట్టి దారుల్లో తిరిగేవాళ్లకు ఈ భాగహారం 0.8 కంటే తక్కువ ఉండాలని నేను చెబుతాను, కొండ ప్రాంతమైతే 0.7 దగ్గర. కొత్త సైకిల్ కొనక్కర్లేదు, చాలా సైకిళ్లలో ముందు పళ్ల చక్రాన్ని చిన్నదిగా మార్చుకుంటే సరిపోతుంది. దిగుడులో పెడల్ ఖాళీగా తిరుగుతుందని కొందరు బాధపడతారు. దిగుడులో తొక్కాల్సిన పనేముంది?

అపోహ: సన్న టైరు, గట్టిగా గాలి, అప్పుడే వేగం

అద్దంలాంటి నున్నని నేల మీద ఇది కొంతవరకు నిజం. గరుకు దారిలో తలకిందులవుతుంది. గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, అలా ఎగిరిన ప్రతిసారీ ముందుకు వెళ్లాల్సిన శక్తి సైకిల్‌నూ మనల్నీ కుదపడంలో పోతుంది. మెత్తగా ఉన్న వెడల్పు టైరు రాయిని తనలో ఇముడ్చుకుని ముందుకు సాగిపోతుంది. చేతులకు, నడుముకు హాయి. పట్టు కూడా పెరుగుతుంది.

సగటు బరువున్న మనిషి సామానుతో వెళ్లేటప్పుడు 45 మిల్లీమీటర్ల టైరుకు 30 నుంచి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), 2.2 అంగుళాల టైరుకు ట్యూబ్‌లెస్ అయితే 20 నుంచి 25 పీఎస్ఐ దగ్గర నేను మొదలుపెడతాను. టైరు మీద, రిమ్ము మీద రాసిన పరిమితులు దాటకూడదు. వెనక టైరులో ముందు దానికంటే రెండు మూడు పీఎస్ఐ ఎక్కువ. రాళ్ల మీద రిమ్ము తగిలిన చప్పుడు వస్తే తక్కువైనట్టు, చేతులు జివ్వుమంటుంటే ఎక్కువైనట్టు. ఇలా సరిచేసుకుంటూ పోతే మీ అంకె మీకు దొరుకుతుంది.

ట్యూబ్‌లెస్ అంటే పంక్చర్ లేనట్టే అనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ముల్లు గుచ్చుకున్న చిన్న రంధ్రాలను లోపలి సీలెంట్ ద్రవం మూసేస్తుంది, నిజమే. కానీ ఆ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది, వేడి ప్రాంతాల్లో ఇంకా త్వరగా. పదునైన రాయి టైరు పక్క గోడను కోస్తే ఏ సీలెంటూ ఆపలేదు. అందుకే ఎప్పుడూ ఒక ట్యూబు నా దగ్గర ఉంటుంది. దానితో పాటు పాత టైరు నుంచి కత్తిరించిన రెండు అంగుళాల ముక్క. చీలిన చోట లోపలి నుంచి ఆ ముక్క పెట్టి ట్యూబు వేస్తే ఇంటికి చేరొచ్చు. ఒక్క గ్రాము కూడా అదనంగా మోయని నా స్నేహితుడు కూడా ఇప్పుడు ఆ ముక్క మోస్తున్నాడు.

అపోహ: స్టీలు ఫ్రేము అయితే విరిగినా ఎక్కడైనా వెల్డింగ్ చేయించుకోవచ్చు

మంచి స్టీలు సైకిళ్ల గొట్టాలు మధ్యలో అర మిల్లీమీటరు దగ్గర మందం ఉంటాయి. గేట్లు, ట్రాలీలు వెల్డింగ్ చేసే చోట ఆ గొట్టానికి రంధ్రం పడే అవకాశమే ఎక్కువ. స్టీలు నాకు ఇష్టమే. దెబ్బలు ఓర్చుకుంటుంది, ఒక్కసారిగా విరగకుండా పగులు కనిపించి హెచ్చరిస్తుంది. దాని మీద హాయిగా ఉంటుందనే మాటలో మాత్రం పెద్ద వాటా టైరుదే. అల్యూమినియం ఫ్రేముకు వెడల్పు టైరు, స్టీలు ఫ్రేముకు సన్న టైరు వేసి ఒకే దారిలో తొక్కి చూడండి.

అపోహ: వంపు హ్యాండిలా, తిన్నని హ్యాండిలా, సస్పెన్షన్ ఉండాలా వద్దా అన్నదానికి ఒకటే సరైన జవాబు ఉంటుంది

ఉండదు. మీ దారిలో అన్నిటికంటే కష్టమైన ఐదో వంతును చూసి సైకిల్ ఎంచుకోండి. మిగతా దారి ఏ సైకిల్ మీదైనా గడుస్తుంది. ఆ ఐదో వంతు రాళ్లు, వేళ్లు, నిటారు దిగుడు అయితే ముందు సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ సైకిల్, తిన్నని వెడల్పు హ్యాండిల్. అక్కడ బ్రేకు మీద వేలు ఎప్పుడూ ఉండాలి, సైకిల్ మాట వినాలి. అది వదులు కంకర, గాలికి ఎదురుగా సాగే పొడవైన మట్టి రోడ్డు అయితే వంపు హ్యాండిల్ ఉన్న గ్రావెల్ సైకిల్. చేతులు మార్చి మార్చి పట్టుకోవచ్చు, గాలికి తల వంచవచ్చు. మధ్యస్థంగా ఉంటే, సస్పెన్షన్ లేని మౌంటెన్ సైకిల్‌కు వెడల్పు టైర్లు వేసుకుని వెళ్లడం నాకు ఇష్టం. చెడిపోయే భాగాలు తక్కువ, సంచులు కట్టుకునే చోటు ఎక్కువ. వంపు హ్యాండిల్‌లో రెండు వంపుల మధ్యే చుట్ట ఇమడాలి, కాబట్టి గుడారం పెద్దదైతే కుదరదు. ఈ చిన్న విషయం వల్ల ఒకరు కొత్త గుడారం కొనాల్సి వచ్చింది.

అపోహ: రోడ్డు మీద రోజుకు 100 కిలోమీటర్లు తొక్కుతాను కాబట్టి 80 అనుకుంటే సరిపోతుంది

కిలోమీటర్లతో లెక్క వేస్తే దెబ్బతింటారు. గంటలతో వేయండి. మట్టి దారిలో, సామానుతో, ఆగుతూ సాగుతూ నాకు సగటున గంటకు 8 నుంచి 12 కిలోమీటర్లు వస్తాయి. తోసే చోట్ల 3. మ్యాపులో దూరంతో పాటు మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో చూడండి. 45 కిలోమీటర్లలో 1,200 మీటర్ల ఎక్కుడు ఉంటే అది పూర్తి రోజు పని. చీకటి పడడానికి కనీసం గంట ముందే రాత్రి చోటుకు చేరేలా పెట్టుకోండి. అలసిపోయి చీకట్లో వెతికితే వాగు పక్కన తడి గుంటలోనే గుడారం వేస్తారు. మొదటి రోజు మీరు అనుకున్నదాంట్లో సగం చేసినా ఏమీ పోదు, ఆ రోజు మీ అసలు వేగం ఎంతో తెలుస్తుంది. తర్వాతి అన్ని ప్రయాణాలకూ అదే కొలత.

అపోహ: నొప్పులు, తిమ్మిర్లు అలవాటైతే అవే పోతాయి

కాళ్ల కండరాల నొప్పి పోతుంది. కొత్త సీటు మీద కూర్చునే ఎముకల దగ్గర ఉండే నొప్పి కూడా కొన్ని రోజుల్లో తగ్గుతుంది. తిమ్మిరి వేరు. ఒకసారి నాలుగు రోజుల ప్రయాణంలో రెండో రోజు నుంచే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కాయి. అలవాటవుతుందిలే అని తొక్కేశాను. ఇంటికొచ్చాక కొన్ని వారాల పాటు ఆ చేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైంది. అరచేతి అంచులో వెళ్లే అల్నార్ నరం హ్యాండిల్‌కూ నా బరువుకూ మధ్య నలిగింది. హ్యాండిల్‌ను రెండు సెంటీమీటర్లు పైకి లేపి, టైర్లలో గాలి తగ్గించి, మందమైన గ్రిప్పులు వేశాక ఆ సమస్య మళ్లీ రాలేదు. దారిలోనే ఆగి ఇవన్నీ కాకపోయినా గాలి తగ్గించడం, చేతులు మారుస్తూ పట్టుకోవడం చేసి ఉండొచ్చు. ఈ విషయం ఎవరికి చెప్పినా గట్టిగా చెబుతాను: తిమ్మిరి మొదలైతే అప్పుడే ఆగండి.

మోకాలి ముందు భాగం నొప్పి పెడితే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టు. మోకాలి వెనక లాగినట్టుంటే, తొక్కేటప్పుడు నడుము పక్కలకు ఊగుతుంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. ఒకేసారి ఐదు మిల్లీమీటర్లకు మించి మార్చకండి, మార్చే ముందు పాత ఎత్తు దగ్గర టేపుతో గుర్తు పెట్టుకోండి. ప్యాడ్ ఉన్న నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదు. కుట్లు ఒరుసుకునే చోటే పుండ్లు మొదలవుతాయి. రెండు నిక్కర్లు ఉంటే ఒకటి ఉతికి సంచి మీద ఆరేసుకుంటూ వెళ్లొచ్చు.

అపోహ: పవర్ బ్యాంకు ఉంది, ఇక చార్జింగ్ గొడవ లేదు

10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా అందులో మూడో వంతు వోల్టేజి మార్పిడిలో పోతుంది. మామూలు ఫోనును ఒకటిన్నర సార్లకు మించి నింపదు. మ్యాపు ముందే ఫోనులోకి దించుకుని ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఫోను రెండు రోజులు వస్తుంది. ముందు చక్రంలో ఉండే డైనమో మంచిదే, కానీ సాధారణంగా గంటకు 15 కిలోమీటర్ల వేగంలో 3 వాట్లు ఇచ్చేలా అవి తయారవుతాయి. రోజంతా కొండలు ఎక్కేవాళ్లకు దాంతో ఫోను నిండదు.

అపోహ: పనిముట్లన్నీ తీసుకెళ్తున్నాను కాబట్టి ఏం జరిగినా చూసుకోగలను

పనిముట్టు సంచిలో ఉండటం వేరు, వానలో వణికే వేళ్లతో దాన్ని వాడగలగడం వేరు. బయలుదేరే ముందు ఇంట్లో ఒక సాయంత్రం కేటాయించండి. వెనక చక్రం విప్పి బిగించండి, టైరు తీసి ట్యూబు వేయండి, చైన్ ఒక లంకె విప్పి క్విక్ లింకుతో మళ్లీ కలపండి, బ్రేకు ప్యాడ్లు మార్చండి. మీరు తీసుకెళ్లే పనిముట్లతోనే చేయండి, గోడకు వేలాడే పెద్ద రెంచీలతో కాదు. అప్పుడే ఏది లేదో తెలుస్తుంది. బ్రేకు ప్యాడ్లు ఒక జత అదనంగా తప్పకుండా ఉండాలి. సామాను బరువుతో, తడి ఇసుకలో పొడవైన దిగుళ్లు దిగితే మెత్తని ఆర్గానిక్ ప్యాడ్లు ఒకే ప్రయాణంలో అరిగిపోవడం చూశాను. అలాంటి చోట్లకు లోహం కలిసిన సింటర్డ్ ప్యాడ్లు వేసుకోండి, మీ డిస్కు వాటిని ఒప్పుకుంటుందో లేదో దాని మీదే రాసి ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా మర్చిపోయేది డీరైలర్ హ్యాంగర్. వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క అది. సైకిల్ పక్కకు పడితే ఫ్రేము పాడవకుండా తాను వంగిపోవడానికి, విరిగిపోవడానికే దాన్ని అలా మెత్తగా చేస్తారు. ఒకసారి మాతో వచ్చినతని సైకిల్ తోసే చోట జారి పడింది, హ్యాంగర్ విరిగింది. అతని సంచిలో రెంచీలు, ఆలెన్ కీలు, మూడు ట్యూబులు ఉన్నాయి. ఆ ముక్క లేదు. మా దగ్గర ఉన్నవి అతని ఫ్రేముకు సరిపోలేదు, ఎందుకంటే వందల ఆకారాల్లో ఉంటాయి అవి. చివరికి డీరైలర్ తీసేసి, చైన్ కత్తిరించి పొట్టిగా చేసి, ముందు పళ్ల చక్రానికి తిన్నగా ఉన్న ఒక వెనక పళ్ల చక్రం మీద బిగించాం. ఒకే గేరుతో, ఎక్కుళ్లన్నీ నడిచి, 30 కిలోమీటర్లు బయటికి వచ్చాం. వెనక సస్పెన్షన్ లేని సైకిల్ కాబట్టి ఆ మాత్రం కుదిరింది, ఉంటే చైన్ బిగువు నిలిచేది కాదు.

మీ సైకిల్ వెనక చక్రం విప్పి ఆ ముక్కను ఫోటో తీసుకోండి. సైకిల్ మోడల్, తయారైన సంవత్సరం చెప్పి అదే ఆకారంలో రెండు తెప్పించండి. ఒకటి దాని బోల్టులతో సహా టేపు చుట్టి సీటు కింద గొట్టానికి అంటించేయండి. నాది ఏడేళ్లుగా అక్కడే ఉంది.